ఉతికిన చొక్కా

ఆదివారం మధ్యాహ్నం దిల్‌సుఖ్‌నగర్‌లో నేను అద్దెకుంటున్న గది పైన, డాబా మీద, బకెట్టు నీళ్ళలో సబ్బుపొడి కలిపి ఆ చొక్కా నానబెట్టాను. అరగంట తర్వాత కాలరూ చంకలూ బ్రష్షుతో రుద్దాను. మూడుసార్లు జాడించి, చివరి నీళ్ళలో బట్టల సువాసనకు వాడే ద్రవం ఒక మూత పోశాను. తీగ మీద ఆరేశాక గాని దాని అసలు రంగు తెలియలేదు. ఇన్నాళ్ళూ బూడిద రంగు అనుకున్నాను. లేత నీలం.

సోమవారం తెల్లవారకముందే ఎల్బీనగర్‌లో నేను పనిచేసే గేదెల షెడ్డుకు వెళ్ళి, ఎప్పటిలాగే పంజాబీ డ్రెస్సు మీద ఆ చొక్కా తొడుక్కుని, వరసలో చివరి గేదె పక్కన కూర్చున్నాను. అది తల తిప్పి నా భుజం వాసన చూసింది. ఇంకోసారి చూసింది. ముక్కుల్లోంచి గట్టిగా గాలి వదిలి తల గోడవైపు తిప్పేసుకుంది. పొదుగు నిండుగా, బిగుసుకుని ఉంది. ఎంత లాగినా పాలు దిగలేదు. పావుగంట నన్ను ఓర్చుకుని, ఆ తర్వాత వెనక కాలెత్తి బకెట్టును తన్నింది. నన్ను తన్నలేదు. ఆ తేడా దానికి తెలుసు.

చొక్కా నాది కాదు. ఆ గేదె పాలు పిండే పెద్దాయనది. ఆయన అప్పటికి పన్నెండు రోజులుగా ఆసుపత్రిలో ఉన్నాడు. తను వచ్చేదాకా ఆ గేదెను అమ్మకుండా ఉంచమని అడిగాడు. ఉంచుతానని మాట ఇచ్చాను.

నేను ఈ పనిలోకి ఎలా వచ్చానో చెప్పాలి. అంతకుముందు ఒక దినపత్రికలో ఇరవై రెండేళ్ళు పనిచేశాను. చివరి ఎనిమిదేళ్ళు వ్యవసాయం పేజీ చూశాను. గాలికుంటు టీకా ఎప్పుడు వేయించాలి, వేసవిలో పశువులకు నీళ్ళు ఎన్నిసార్లు పెట్టాలి, పొదుగువాపును ముందే ఎలా గుర్తించాలి లాంటివన్నీ ఏటా అదే కాలంలో, వాక్యాలు కాస్త అటూ ఇటూ మార్చి రాసేదాన్ని. ఆ ఎనిమిదేళ్ళలో ఒక్క గేదెను ముట్టుకోలేదు. మాది కృష్ణా జిల్లా అయినా నాన్నది బ్యాంకు ఉద్యోగం. పాలు గుమ్మంలోకి వచ్చేవి.

పేజీలు తగ్గించినప్పుడు మొదట పోయింది వ్యవసాయమే. నా కుర్చీ కూడా దానితోపాటే పోయింది. అంతకు ఏడాది ముందు ఒకాయన ఫోన్ చేసి, “మేడమ్, మీ పేపర్ల బర్రె ఫోటో ఏసి కింద ఆవు అని రాసిన్రు. మీ ఇంట్ల ఎవ్వలు పాలు తాగరా?” అని అడిగాడు. తప్పు మాదే. సవరణ వేశాం. ఆయన ఎల్బీనగర్ పక్కన పాత ఊరి రైతు కుటుంబం వాడు. భూముల్లో చాలావరకు ప్లాట్లయిపోగా, మిగిలిన ఎకరం చిల్లరలో తాతనాటి పశువుల షెడ్డు నడుపుతున్నాడు. ఉద్యోగం పోయిందని తెలిసి మళ్ళీ ఫోన్ చేశాడు. దాణా, డాక్టరు, రిజిస్టర్లు, పనివాళ్ళు, ఇవన్నీ చూసుకునే మేనేజరు కావాలన్నాడు. “గేదెల గురించి నాకేం తెలియదండీ,” అన్నాను. “తెల్వకనే ఎనిమిదేండ్లు రాసినవు గదా అక్కా. గింత చూసుకోలేవా?” అన్నాడు.

పదకొండేళ్ళయింది. నేను చేరినప్పుడు షెడ్డులో అరవై గేదెలుండేవి. ఇప్పుడు పంతొమ్మిది. మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి. నాలుగో వైపు రోడ్డు. పైఅంతస్తుల బాల్కనీల నుంచి మా పేడకుప్ప కనిపిస్తుంది. అందరికంటే ఎక్కువ ఫిర్యాదు చేసేవాళ్ళే తెల్లవారుజామున చెంబులు పట్టుకుని, కళ్ళముందు పిండిన పాల కోసం గేటు దగ్గర నిలబడతారు. వాళ్ళలో కొందరిని పదకొండేళ్ళుగా చూస్తున్నాను. లీటరా, లీటరున్నరా అన్నది తప్ప మా మధ్య ఇంకో మాట నడిచిన జ్ఞాపకం లేదు.

నాకు పని నేర్పింది పెద్దాయన. నల్గొండ పల్లె నుంచి పెళ్ళయిన కొత్తలో వచ్చి, షెడ్డును ఆనుకుని ఉన్న గదిలో భార్యతో కాపురం పెట్టి, అక్కడే ముసలివాడయ్యాడు. మొదటి నెల రోజులు నా చేత పాలు పిండించలేదు. గేదెల పక్కన ఊరికే నిలబడమన్నాడు. “పేపరోళ్ళు నిలవడరు, ఉరుకుతరు. నువ్వు జర నిలవడుడు నేర్చుకో మేడమ్,” అన్నాడు. ఆయనది విచిత్రమైన మర్యాద. నువ్వు అనేవాడు, చివర మేడమ్ చేర్చేవాడు. నేను అన్నా అనేదాన్ని.

ఇక ఆ గేదె సంగతి. మూడో ఈతలో పుట్టిన దూడ ఇరవై రోజులకే చనిపోయింది. దూడ నోరు పెడితేనే గేదె పాలు చేపుతుంది. అంటే పాలను తనంతట తాను చన్నుల్లోకి వదులుతుంది. అది దాని ఇష్టం మీద ఆధారపడిన పని. వదలకపోతే ఎంత నేర్పున్న చేతికైనా పాలు రావు. దూడ పోయినప్పుడు షెడ్లలో రెండు పద్ధతులున్నాయి. చచ్చిన దూడ తోలులో గడ్డి కుక్కి తల్లి ముందు పెట్టి, అది వాసన చూస్తుండగా పిండుతారు. లేదంటే పాలు బలవంతంగా దింపే హార్మోను సూది పూటపూటా వేస్తారు. సూది చట్టానికి విరుద్ధం. వేసేవాళ్ళు వేస్తూనే ఉన్నారు.

పెద్దాయన రెండూ వద్దన్నాడు. యజమాని ఎదుటే ఆ మాట అన్నాడు. “తోలు చూపెట్టి తల్లిని మోసం చేసుడు నాతోని కాదు పటేలా. దానికి ఎర్కైతది. ఎర్కై కూడ ఇస్తది. గది ఇంకా పాపం.”

“మరి సూదో?”

“నీకేస్తే ఎట్లుంటది?”

యజమాని నవ్వి వెళ్ళిపోయాడు. పెద్దాయన మిగతా గేదెల పని ముగించుకుని దీని పక్కన కూర్చునేవాడు. అన్నం పళ్ళెం అక్కడికే తెచ్చుకునేవాడు. నాలుగు రోజులు అది ఆయనను పట్టించుకోలేదు. ఐదో రోజు మెడ చాచి ఆయన ఎడమ భుజం నాకింది. చొక్కా తడిసిపోయేదాకా నాకింది. ఆయన కదలకుండా చెయ్యి కిందికి పోనిచ్చి చూస్తే పాలు దిగి ఉన్నాయి. ఆ రోజు నుంచి రెండు పూటలా అదే వరస. ముందు భుజం నాకాలి, తర్వాతే పాలు. ఆ పనికి ఆయన ఒకే చొక్కా వాడేవాడు. పని అయ్యాక గుంజకు తగిలించేవాడు. భుజం దగ్గర గుడ్డ అరిగి దారాలు తేలాయి.

వానాకాలంలో ఒక సాయంత్రం నీళ్ళతొట్టి దగ్గర సిమెంటు మీద జారి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. చేతిలో బకెట్టు ఉంది. పాలు ఒలకనివ్వలేదని తర్వాత చాలామందికి చెప్పుకున్నాడు. ఆపరేషన్ చేసి రాడ్డు వేయాలన్నారు.

రెండు రోజులు ఆ గేదెను ఎవరు ముట్టుకున్నా పాలివ్వలేదు. మూడోరోజు దవాఖానకు వెళ్ళాను. ఆయన మంచం మీద కదలలేకుండా ఉన్నాడు. నన్ను చూడగానే తన కాలు గురించి కాదు, దాని పొదుగు గురించి అడిగాడు. వాస్తవం చెప్పాను. ఇలాగే ఉంటే అమ్మేస్తానని యజమాని వారం గడువు పెట్టాడనీ చెప్పాను. అది రెండుసార్లు ఎదకొచ్చినా చూడి నిలవలేదు. పాలు లేని, చూడి లేని గేదె అంగడికి పోతే ఎవరు కొంటారో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

“నేనొచ్చేదాక ఉంచు మేడమ్. గంతే. ఇంకేం అడగ,” అన్నాడు.

“ఉంచుతానన్నా.”

“ఒట్టిగ ఉంచుతా అంటే ఎట్ల ఉంటది? పాలు ఇయ్యాలె గదా.” పక్కనే కూర్చున్న భార్యతో, “నా అంగీ గుంజకే ఉన్నది. మేడమ్‌కియ్యి. ఏసుకొని కూసుంటది,” అన్నాడు.

ఆవిడ నా వైపు తిరిగి, “తోలుతోని మోసం వద్దన్నోడు గిప్పుడు అంగీ ఇస్తుండు. చూసిన్రా మేడమ్ ఈయన నీతి?” అంది.

“అంగీ మోసమెట్లయితదే? నేనింకా సావలే గదా.”

పక్క మంచం మీది రోగి కూడా నవ్వాడు.

ఆ సాయంత్రమే తొడుక్కున్నాను. బీడీ, చెమట, పత్తిచెక్క, ఎండిన పాలు అన్నీ కలిసిన వాసన. మొదటి రెండు పూటలూ గేదె అనుమానంగా చూసి కొద్దిగా ఇచ్చింది. మూడో పూట మెడ చాచి భుజం నాకింది. గరుకైన, బరువైన నాలుక. గుడ్డలోంచి వేడి తెలిసింది. నాకు యాభై ఆరేళ్ళు. ఆ భుజం మీద ఎవరైనా చెయ్యి వేసి ఎన్నాళ్ళయిందో గుర్తు చేసుకోబోయి, మానేశాను. పాలు దిగాయి.

నా గది ఉన్న సందులో ఇంటికొక హాస్టలు, వీధికి నాలుగు కోచింగ్ సెంటర్లు. రెండో అంతస్తు వరకు మెట్ల నిండా చెప్పులుంటాయి. సాయంత్రం పాలు అయ్యాక షెడ్డు నుంచి స్కూటీ మీద వచ్చి తలుపు తీశాక, మర్నాడు మళ్ళీ షెడ్డు గేటు దగ్గర వాచ్‌మన్‌ను పలకరించేదాకా నా గొంతు నాకే వినిపించదు. పత్రికలో ఉన్నప్పుడు రోజంతా మాటలే కాబట్టి ఈ నిశ్శబ్దాన్ని మొదట విశ్రాంతి అనుకున్నాను. ఆ అభిప్రాయం ఎప్పుడు మారిందో చెప్పలేను.

ఆ పది రోజులూ పిండుతూ గేదెతో మాట్లాడాను. పెద్ద విషయాలేం కాదు. ముందు రోజు టీవీలో ఏం చెప్పారు, కొత్తపేటలో జామకాయలు ఎలా ఉన్నాయి, దవాఖానకు వెళ్ళేటప్పుడు మెట్రోలో సీటు దొరికిందా లేదా. చెవి ఆడించేది. ఎనిమిదో రోజుకో తొమ్మిదో రోజుకో నేను షెడ్డు మొదట్లో ఉండగానే అది నా వైపు తల తిప్పడం గమనించాను. చొక్కా ఇంకా తొడుక్కోకముందే. ఆ రోజు రిజిస్టరులో ‘నాకు అలవాటు పడింది’ అని రాశాను. తర్వాత ‘నాకు’ కొట్టేశాను. అనవసరమైన మాట తీసేయడం డెస్కు మీద పట్టుబడిన అలవాటు. కానీ రాశానన్నది నిజం.

శనివారం వాన గట్టిగా పడి, షెడ్డు రేకు కారి, గుంజకున్న చొక్కా తడిసింది. ఆరేస్తానని గదికి తెచ్చాను. ఆదివారం పొద్దున దాన్ని తడిగానే వేసుకుని పిండి, సాయంత్రం ఒక్క పూట మానితే ఏం కాదని మళ్ళీ గదికి తెచ్చాను. మెట్ల మీద హాస్టలు అమ్మాయి ఒకతె ముక్కు మీద చున్నీ వేసుకుంది. ఇంటావిడ కిందినుంచి, “మేడమ్, మీ దిక్కు ఎలుకేమన్న చచ్చిందా? జర చూసుకోన్రి,” అని కేకేసింది. ఆయన వారంలో ఇంటికొస్తాడు, మురికి చొక్కా తిరిగి ఇవ్వడం బాగోదనుకున్నాను. ఇవన్నీ కారణాలే. వీటన్నిటికంటే పెద్దది ఇంకొకటుంది. గేదెకు ఇక ఆ వాసనతో పనిలేదని నాకనిపించింది. చొక్కాలో ఉన్నది నేనని దానికి తెలుసనుకున్నాను.

సోమవారం రెండు పూటలూ పాలు దిగలేదు. మంగళవారం దవాఖానకు పరుగెత్తాను. ఆయన నిద్రపోతున్నాడు. భార్యను వరండాలోకి పిలిచి, ఆయన ఇంకో చొక్కా ఏదైనా, ఉతకనిది, ఉందా అని అడిగాను.

“అన్ని ఉతికిన మేడమ్. మురికిబట్టలు చూస్తే నర్సమ్మ ఒర్రుతది. ఎందుకు?”

చెప్పాను. ఆవిడ మొదట నవ్వింది. తర్వాత నా ముఖం చూసి నవ్వు ఆపేసింది. “మీరు సదువుకున్నోళ్ళు గదా మేడమ్,” అంది. అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అర్థం కాక అడిగింది. ఆయన తలగడ మీద పరిచిన తువ్వాలు తీసి కవర్లో పెట్టి ఇచ్చింది. “ఆయనకు చెప్తరా?” అని అడిగింది. “తర్వాత చెబుతాను,” అన్నాను.

తువ్వాలులో ఆయన వాసన ఉందేమో నాకు తెలియదు. మందుల వాసన, ఫినాయిలు వాసన మాత్రం ఉన్నాయి. భుజం మీద వేసుకుని కూర్చోగానే గేదె తాడు తెంచుకునేంత వెనక్కి పోయింది.

బుధవారం ఒక చన్ను ఎర్రబడి వేడెక్కింది. డాక్టరు పొదుగువాపు మొదలైందని మందు రాశాడు. పాలు బయటికి రాకపోతే మందు పనిచేయదనీ చెప్పాడు. యజమాని వచ్చి పొదుగు తడిమి చూసి, తొట్టి అంచు మీద కూర్చున్నాడు.

“అక్కా, గిది బర్రెనా, నీ చుట్టమా?”

“ఆయనకు మాట ఇచ్చానండీ.”

“ఇచ్చినవు. నేను కాదన్ననా? సూది ఏద్దం. పాలు దిగుతయి, వాపు పోతది, ముసలోడు వచ్చేదాక ఉంటది. లేకుంటే అంగడికి తోలుదం. రెండిట్ల ఏదో నువ్వే చెప్పు.”

ఆయన చెడ్డవాడు కాదు. అడిగిన తీరు కూడా న్యాయంగానే ఉంది. కానీ పెద్దాయన నన్ను కోరింది ఒకటి, జీవితమంతా వద్దన్నది ఇంకొకటి. ఆ రెంటిలో దేన్ని వదులుకోవాలో తేల్చాల్సింది ఆయనే. ఫోన్ చేస్తే రెండు నిమిషాల పని. భార్య దగ్గర ఫోనుంది, ఆయన తెలివిగానే ఉన్నాడు. చేస్తే, మొన్నటిదాకా ఇచ్చిన గేదె ఎందుకు మానేసిందని అడుగుతాడు. నేను చొక్కా ఉతికానని చెప్పాలి. ఎందుకు ఉతికావంటే ఏం చెప్పాలో ఆ బుధవారం నాకు తెలియలేదు. ఇప్పుడు పైన రాసినంత కూడా అప్పుడు నోటితో చెప్పలేకపోయేదాన్ని. ఎన్నో ఇళ్ళ తలుపులు తట్టి, చావు వార్తల మీద కూడా ఇంటివాళ్ళ మాట తీసుకొచ్చినదాన్ని, ఈ ఒక్క ఫోన్ చేయలేకపోయాను.

“సూది వద్దండీ,” అన్నాను.

గురువారం పొద్దున్నే పశువుల దళారీ చిన్న ట్రాలీ బండి తెచ్చాడు. గేదె మొరాయించకుండానే ఎక్కింది. ఎవరు కొంటారని అడిగాను. “చౌటుప్పల్ దిక్కు రైతున్నడు. వేరే దుడ్డెను పెట్టి అలవాటు చేసుకుంటడు. పరేషాన్ కాకున్రి,” అన్నాడు. అడిగినవాళ్ళందరికీ ఆయన అదే చెబుతాడని యజమాని తర్వాత అన్నాడు. బండి తలుపు వేసేముందు గేదె చెవికున్న పసుపు ట్యాగు మీది పన్నెండు అంకెలు అరచేతిలో రాసుకున్నాను. ఎందుకని అడిగితే చెప్పలేను. చేతిలో పెన్ను ఉంది, అంతే.

పెద్దాయన ఆ వారం రాలేదు. కుట్టు దగ్గర చీము పట్టి, ఇంకా చాలా రోజులు ఉంచేశారు. ఆ తర్వాత భార్య ఊళ్ళో చుట్టాలింట్లో ఉన్నాడు. షెడ్డుకు వచ్చేసరికి చలికాలం. వాకర్ పట్టుకుని, ఒక్కో గుంజ దగ్గర ఆగి, వరస చివరిదాకా నడిచాడు. చివరి గుంజ దగ్గర ఏమీ లేదు. పేడ కూడా లేదు. నేను కుర్చీ తెచ్చి వేశాను. కూర్చున్నాడు.

“సూది ఏసిన్రా?” అని అడిగాడు.

“లేదన్నా.”

“మంచిది.” వాకర్‌ను పక్కకు జరిపాడు. “ఏడికి పోయింది?”

“చౌటుప్పల్ దగ్గర రైతు కొన్నాడు. దూడను పెట్టి అలవాటు చేసుకుంటానన్నాడట.”

ఆ ‘అట’ను నేను చిన్నగా అన్నాను. ఒకే మనిషి చెప్పిన, ఎవరూ సరిచూడని మాటను డెస్కు మీద నేను ఎన్నడూ వార్తగా పోనివ్వలేదు.

“ఏ ఊరు?”

“కనుక్కుంటాను.”

“కనుక్కో మేడమ్. కాలు జర గట్టిపడ్డంక పోయి చూసొద్దం. నువ్వు బండి మీద తీస్కపోతవా?”

“తీసుకెళ్తానన్నా.”

చొక్కా గురించి ఆయన అడగలేదు. భార్య చెప్పిందో లేదో నాకు తెలియదు. ఆవిడ నాతో మామూలుగానే మాట్లాడుతుంది. ఆయన ఇప్పుడు పాలు పిండలేడు. కిందికి వంగలేడు. గేటు దగ్గర కుర్చీ వేసుకుని చెంబులతో వచ్చేవాళ్ళతో కబుర్లాడతాడు. పదకొండేళ్ళలో నాతో ఒక్కమాట మాట్లాడనివాళ్ళు ఆయనకు తమ మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతారు. షెడ్డును అబ్దుల్లాపూర్‌మెట్‌కు మారుస్తానని యజమాని రెండేళ్ళుగా అంటున్నాడు. మార్చితే నేనూ పోవాలా, మానేయాలా అన్నది ఇంకా అనుకోలేదు.

దళారీ మొదట్లో ఫోనెత్తి, కనుక్కొని చెబుతానన్నాడు. ఇప్పుడు ఎత్తడు. చౌటుప్పల్ వైపు మూడు ఆదివారాలు స్కూటీ మీద వెళ్ళి, దారిలో కనిపించిన షెడ్లలో అడిగాను. కొందరు కుర్చీ వేశారు, మజ్జిగ ఇచ్చారు. ఎవరూ ఆ గేదెను చూడలేదన్నారు. పెద్దాయనకు ఈ ప్రయాణాల సంగతి చెప్పలేదు. ఆయన వాకర్ వదిలి కర్ర పట్టుకున్నాడు. ఎండలు ముదరకముందే పోదామంటున్నాడు.

కిందటి నెల మా పశువుల డాక్టరును అడిగి, పన్నెండు అంకెలూ ఆయన ఫోనులో, పశువుల వివరాలుండే ప్రభుత్వ రికార్డులో కొట్టించి చూశాను. కొన్న రైతు గేదెను తన పేరు మీదికి మార్చుకోవాలి. మార్చుకోని రైతులు చాలామంది ఉంటారని డాక్టరు అన్నాడు. కోతకు పోయినవాటి గురించి ఎవరూ కబురు చేయరనీ అన్నాడు. ఆ నంబరు కింద యజమానిగా ఇప్పటికీ మా షెడ్డు పేరే ఉంది. గేదె బతికి ఉన్నట్టే ఉంది.